చరిత్ర, సాహిత్యం కార్యక్రమాలతో పేటలో జనాన్ని కలపాలంటే ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ పేటలో తరాలుగా ఉన్నవాళ్లూ ఈమధ్య వచ్చి స్థిరపడినవాళ్లూ పక్కపక్కనే ఉంటున్నా ఒకరి ముఖం ఒకరికి తెలియదు. చరిత్ర, సాహిత్యం మీద ఏదైనా పెడితే దగ్గరవుతారని మీ లైబ్రరీ బృందం అనుకుంది. పేరున్న ప్రొఫెసర్‌గారిని పిలిచి ఉపన్యాసం ఇప్పిస్తే సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లు కూడా చప్పట్లు కొట్టి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడేం చేయాలి?

కొన్నేళ్లుగా ఒక చిన్న పబ్లిక్ లైబ్రరీలో ఇలాంటి సమావేశాలు నడిపే బృందంలో ఉన్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను. ఉపన్యాసంలో ప్రతి శ్రోతకూ వక్తతోనే సంబంధం. పక్క కుర్చీలో మనిషితో పని పడదు. ఆ పని పడేలా చేయడమే మీరు చేయాల్సింది. అందరూ చూడగలిగేది, వినగలిగేది ఏదైనా మధ్యలో పెట్టండి. పాత ఫొటో కావచ్చు, మ్యాపు కావచ్చు, చిన్న కథ కావచ్చు. దాని మీద ఒక ప్రశ్న వేయండి. ఆ ప్రశ్నకు జవాబు తలా కొంచెం తెలిసి ఉండాలి, మొత్తం ఏ ఒక్కరికీ తెలియకూడదు. అప్పుడు ఒకరి మాట ఒకరు వినక తప్పదు.

మేం పెట్టినవాటిలో నాకు బాగా గుర్తున్నది మ్యాపు సమావేశం. ఆ ప్రాంతం పాత సర్వే మ్యాపును పెద్ద సైజులో ప్రింట్ తీయించి, బల్లలు కలిపి వాటి మీద పరిచాం. పెన్సిళ్లు, రబ్బర్లు, అంటించే చీటీలు పెట్టాం. అడిగింది ఒక్కటే: "మీ చిన్నప్పుడు గానీ, ఇక్కడికి వచ్చిన కొత్తలో గానీ రోజూ నడిచిన దారి గీయండి." మొదట అందరూ చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన ముందుకొచ్చి వీధుల వరస చెప్పడం మొదలుపెట్టాక బిగువు సడలింది. కాసేపటికి పెన్సిల్ కోసం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కునే దాకా వచ్చింది. అప్పటిదాకా గోడవారగా కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి, మ్యాపులో ఖాళీగా ఉన్న జాగాలో రెండు గీతలు గీశారు. "ఇక్కడ సందు ఉండేది. మా ఇళ్లు ఇందులోనే" అన్నారు. అక్కడ సందే లేదన్నారు పోస్ట్‌మ్యాన్ గారు. "మాకు ఉత్తరాలు వచ్చేవి కాదు కదండీ, మీకెలా తెలుస్తుంది?" అన్నారావిడ, కోపం లేకుండా.

అప్పుడు కొత్తగా అద్దెకు వచ్చిన ఒక కుర్రాడు అడిగాడు, "మరి మ్యాపులో ఎందుకు లేదు?" అని. మిగిలిన సమయమంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. పట్టా లేని ఇళ్లు రికార్డుకెక్కేవి కావని ఒకరు చెప్పారు. ఆ సందులోవాళ్లు ఎక్కడెక్కడ పనికి వెళ్లేవాళ్లో, ఎందుకు ఖాళీ చేయాల్సి వచ్చిందో ఆవిడ చెప్పారు. చివరికి పోస్ట్‌మ్యాన్ గారే ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, ఆ కుటుంబాల పేర్లు అడిగి చీటీల మీద రాసి మ్యాపుకు అంటించారు. ఎంత మంచి ఉపన్యాసం పెట్టినా ఆ ఇద్దరూ అలా పక్కపక్కన కూర్చునేవాళ్లు కాదని నా నమ్మకం.

ఈ పద్ధతి ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం గురించి తెలుసుకోండి. 1966లో అక్కడి వర్ణవివక్ష ప్రభుత్వం డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించింది. తర్వాతి ఏళ్లలో 60,000 మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి ఇళ్లు కూలగొట్టింది. 1994లో ఒక పాత మెథడిస్ట్ చర్చిలో ఈ మ్యూజియం తెరిచి, నేల మీద ఆ పేట మ్యాపు పెద్దగా పరిచారు. ఒకప్పుడు అక్కడ బతికినవాళ్లు వచ్చి తమ ఇల్లు ఎక్కడుండేదో వెతుక్కుని పేర్లు రాశారు. నేలమట్టమైన వీధులు అలా వాళ్ల చేతిరాతలో మిగిలాయి.

ఇక్కడ మీరు జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. "మన పాత రోజులు ఎంత బాగుండేవో" అన్న ధోరణిలో కార్యక్రమం పెడితే పాతవాళ్లు ఒకరికొకరు ఇంకా దగ్గరవుతారు, కొత్తవాళ్లు ఇంకా దూరమవుతారు. ఆ జ్ఞాపకాల్లో వాళ్లకు చోటు లేదు కదా. పైగా "మేం రాకముందు బాగుండేదంటున్నారు" అని వాళ్లకు అనిపించే ప్రమాదం కూడా ఉంది. అందుకే మా ప్రశ్నలో "వచ్చిన కొత్తలో" అన్న ముక్క కావాలనే పెట్టాం. నిన్న మొన్న వచ్చినవాళ్లకు కూడా మొదటి రోజు దారి తప్పిన సందు ఒకటి ఉంటుంది. తరాలుగా ఉన్నవాళ్లు కళ్ల ముందే ఉన్నా గమనించనివి వాళ్లకు కనిపిస్తాయి.

పాత గాయాలు కెలికితే గొడవ అవుతుందేమోనన్న టెన్షన్ నిర్వాహకులకు ఉండటం సహజం. గొడవ రాకుండా అన్నీ తీపి జ్ఞాపకాలే అడిగితే, ఆ సందు లాంటివి ఎప్పటికీ బయటికి రావు. మేం పాటించే పద్ధతి చెబుతాను. ఎవరు మాట్లాడినా "నేను చూసింది ఇది" అని చెప్పాలి, "అలా జరగనే లేదు" అని కొట్టిపారేయకూడదు. ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి పెడతాం. ఎవరిది నిజమో ఆ రోజే తేల్చం. రికార్డులు చూసి, వచ్చేసారి ఏం దొరికిందో చెబుతాం. నడిపించేవాళ్లు ఇద్దరు ఉండటం చాలా ముఖ్యం. ఒకరు చర్చ చూసుకుంటే, రెండోవాళ్లు నోరు విప్పనివాళ్ల మీద కన్నేసి ఉంచాలి. ఎక్కువ మాట్లాడేవాళ్లను ఆపడం కష్టమైన పనే. "ఇంతవరకూ మాట్లాడనివాళ్లది వినాలని ఉంది" అని మర్యాదగా అంటే చాలాసార్లు సరిపోతుంది.

మ్యాపులు, ఫొటోలు కాకుండా సాహిత్యంతోనే చేయాలనుకుంటే కథ బయటికి చదివి వినిపించండి. బాగా చదువుకున్నవాళ్లనూ చదవడం రానివాళ్లనూ ఒకే వరసలో కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు. సారా హిర్ష్‌మన్ అనే ఆవిడ 1972లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పేదల ఇళ్ల సముదాయంలో ఇలాగే మొదలుపెట్టారు. స్పానిష్ మాట్లాడే ఆడవాళ్లతో కూర్చుని మంచి కథలు చదివి వినిపించి, వాటి గురించి మాట్లాడించారు. అదే "పీపుల్ అండ్ స్టోరీస్" కార్యక్రమంగా పెరిగింది. మా అనుభవంలో ఇరవై నిమిషాల్లో పూర్తయ్యే కథ సరిపోతుంది. వెంట చూసుకోవాలనుకునేవాళ్ల కోసం పెద్ద అక్షరాల్లో కాపీలు పెడతాం. చదివేవాళ్లు నాటకీయంగా చదవనక్కర్లేదు, నిదానంగా చదివితే చాలు.

చదివాక "రచయిత ఏం చెప్పదలిచాడు?" అని మాత్రం అడగకండి. బడిలో పరీక్ష గుర్తొచ్చి అందరూ తల దించుకుంటారు. "ఆవిడ ఆ డబ్బు ఎందుకు తిరిగి ఇచ్చేసింది? మీరైతే ఇచ్చేవాళ్లా?" అన్నట్టు, కథలో ఒక మనిషి చేసిన ఒక పని మీద అడగండి. ఎవరూ తమ సొంత బాధ చెప్పుకోవాల్సిన పని లేదు, పాత్ర గురించి మాట్లాడుతున్నామన్న ధైర్యం ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ తమ సంగతీ చెబుతారు, చెప్పాలనిపిస్తేనే.

ఊరంతా ఒకే పుస్తకం చదివే పద్ధతి గురించి కూడా మీరు అడిగారు. దాన్ని 1998లో సియాటిల్‌లో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ మొదలుపెట్టారు, తర్వాత చాలా నగరాలు అందుకున్నాయి. ప్రచారం బాగా వస్తుంది. అయితే నవల ముందే చదివి రావాలన్న షరతు వల్ల, ఎలాగూ చదివే అలవాటున్నవాళ్లే వస్తారు. మీ అవసరం వేరు కాబట్టి దాంతో మొదలుపెట్టవద్దనే నా సలహా.

కార్యక్రమాన్ని "జనం స్థాయికి దించాలి" అని మీ బృందంలో ఒకరు అన్నారని రాశారు. దీంతో నేను గట్టిగా విభేదిస్తాను. 1995లో న్యూయార్క్‌లో ఎర్ల్ షారిస్ అనే రచయిత, పేదరికంలో ఉన్నవాళ్ల కోసం క్లెమెంటే కోర్సు మొదలుపెట్టారు. ఉద్యోగ శిక్షణ ఇవ్వలేదు. తత్వం, సాహిత్యం, కళల చరిత్ర, తర్కం, ఆ దేశ చరిత్ర విశ్వవిద్యాలయం స్థాయిలోనే చెప్పించారు. ఆ కోర్సు తర్వాత చాలా చోట్లకు పాకింది. ఫీజు ఉండదు, పుస్తకాలు ఉచితం, చాలాచోట్ల రాకపోకల ఖర్చు, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు కూడా ఉంటాయి. జనం రాకపోవడానికి కారణం విషయం బరువు కాదని దీన్ని బట్టి అర్థమవుతుంది. పిల్లల్ని ఎవరు చూస్తారు, పని నుంచి వచ్చేసరికి ఎంత పొద్దుపోతుంది, ఇంటికి ఎలా వెళ్లాలి అన్నవే అడ్డుపడతాయి. మేం పక్క గదిలో పిల్లలకు బొమ్మలు వేసే ఏర్పాటు చేశాక ఆడవాళ్ల రాక స్పష్టంగా పెరిగింది. మెట్లు ఎక్కలేనివాళ్ల కోసం సమావేశాన్ని కింది అంతస్తుకు మార్చాం.

పిలుపుల సంగతి. వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పెడితే ఆ గ్రూపులో ఉన్నవాళ్లకే చేరుతుంది. బృందంలో ప్రతి ఒక్కరూ తమకు పెద్దగా పరిచయం లేని ఇంటికి వెళ్లి స్వయంగా పిలవండి. పిలిచేటప్పుడు వాళ్లు తేదగ్గది ఒకటి అడగండి, ఇంట్లో ఉన్న పాత ఫొటో లాంటిది. "మీ దగ్గర ఉన్నది మాకు కావాలి" అంటే జనం వస్తారు. "మా దగ్గర ఉన్నది మీకు చెబుతాం" అంటే ఆలోచిస్తారు.

మాటలు రికార్డు చేయాలనుకుంటే ముందే అడగండి, గదిలో అందరి ముందు కాకుండా విడిగా అడగండి. 2003లో న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో చిన్న గదితో మొదలైన స్టోరీకోర్ అనే, మామూలు మనుషుల మాటలు రికార్డు చేసే సంస్థలో పద్ధతి బాగుంటుంది. ఒకరినొకరు ఎరిగిన ఇద్దరు వచ్చి 40 నిమిషాలు మాట్లాడుకుంటారు. కాపీ వాళ్లకే ఇస్తారు. వాళ్లు ఒప్పుకుంటేనే అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరుస్తారు. మీరు కూడా ఎవరి మాట వాళ్లకు తిరిగి ఇవ్వండి, వద్దంటే చెరిపేయండి. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు ఫొటోలు, కథలు పట్టుకెళ్లి మళ్లీ మొహం చూపించకపోవడం చాలా పేటలకు అనుభవమే. ఆ చేదు ఉన్నచోట నమ్మకం కుదరడానికి టైం పడుతుంది.

ప్రొఫెసర్‌గారిని మాత్రం వదులుకోకండి. మొదట కాకుండా మూడో సమావేశానికో నాలుగో సమావేశానికో పిలవండి. అప్పటికి జనం దగ్గర సొంత ప్రశ్నలు ఉంటాయి. స్వీడన్ రచయిత స్వెన్ లిండ్‌క్విస్ట్ 1978లో ఒక పుస్తకం రాశారు, కార్మికులు తాము పనిచేసే చోటు చరిత్రను తామే ఎలా తవ్వి తీయాలో చెబుతూ. సిమెంటు పరిశ్రమ ఆయన ఉదాహరణ. పని గురించి ఎక్కువ తెలిసింది పనిచేసేవాళ్లకే అన్నది ఆయన వాదన. అలాంటి జనానికి పండితుడు బాగా ఉపయోగపడతాడు. ఏ రికార్డు ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా చదవాలి, దాంట్లో ఎవరి పేర్లు ఉండవు అన్నది చెప్పగలడు. మా మ్యాపులో లేని సందు గురించి పాత పన్ను రిజిస్టర్లు వెతకాలని మాకు చెప్పింది అలా వచ్చిన ఒక చరిత్ర అధ్యాపకురాలే.

ఎంతమంది వచ్చారన్నది మొదటి ఏడాది పట్టించుకోకండి. సమావేశం అయ్యాక గుమ్మం దగ్గర ఎవరు ఎవరితో నిలబడి మాట్లాడుతున్నారో చూడండి. తర్వాతిసారి మీరు పిలవకుండా ఎవరు ఎవరిని వెంటబెట్టుకొచ్చారో చూడండి.

ఖర్చు పెద్దగా అవదు. ప్రింటు, పెన్సిళ్లు, కాగితం చాలు. నెలలో ఒకే వారం, ఒకే వేళ పెట్టుకోండి. గంటన్నర కంటే సాగదీయకండి. పాత మ్యాపు కోసం సర్వే కార్యాలయంలోనో మున్సిపల్ రికార్డుల్లోనో అడగండి. దొరక్కపోతే పెద్ద తెల్ల కాగితం పరిచి, మధ్యలో లైబ్రరీని గుర్తు పెట్టి, మిగతాది వచ్చినవాళ్లనే గీయమనండి.