సెలడాన్ కూజాను బాగుచేయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మెడ దగ్గర పెచ్చు ఊడిన లాంగ్‌చువాన్ సెలడాన్ కూజాను, ఆ లేత ఆకుపచ్చ చైనా పాత్రను, బాగుచేసే పని మీ మ్యూజియం వారు నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పగానే నాకు ఎంతో గర్వం కలిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నదీ నిజమే.

ఫోటోలు, కొలతల సంగతి నీకు చెప్పనక్కరలేదు. కూజాను మెడ పట్టుకుని ఎత్తవద్దు.

నా భయమంతా రంగు గురించే. చైనాలో జెజియాంగ్ ప్రావిన్స్‌లోని లాంగ్‌చువాన్ కుమ్మరులు ఆ లేత ఆకుపచ్చను కుంచెతో దిద్దలేదు. గ్లేజులో, అంటే పాత్ర మీది గాజులాంటి పూతలో, కొద్దిపాటి ఇనుము ఉంటుంది; కొండవాలున పొడవుగా కట్టిన బట్టీలో, గాలి చాలినంత అందనివ్వకుండా, 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలిస్తే ఆ రంగు తేలుతుంది. దక్షిణ సోంగ్ రాజవంశ కాలంలో (1127–1279) మేలైన పాత్రలకు గ్లేజును పొరమీద పొరగా పట్టించేవారు. అందులో చిక్కిన సన్నని బుడగలు వెలుతురును చెదరగొట్టడం వల్లనే దానికి ఆ లోతు వచ్చింది. అడుగున గ్లేజు లేని అంచు ఎర్రగా కనిపిస్తే, అది బట్టీ చల్లారేటప్పుడు గాలి తగిలి వచ్చిన ఎరుపు. మురికి అనుకుని రుద్దేవు సుమా!

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి కూజాయే ఒకటి మా దగ్గరకు వచ్చింది. ఊడినది చిన్న పెచ్చే. అంతకుముందు దాన్ని ఎవరో ప్లాస్టర్‌తో పూడ్చి రంగు వేశారు. ఆ రంగు పక్కనున్న గ్లేజుతో కలవకపోయేసరికి, అతుకు కనబడకూడదని కాస్త పక్కకు, అక్కడా తేడా తెలిస్తే మరికాస్త పక్కకు పూసుకుంటూ భుజాల దాకా పోయి, పైన వార్నిష్ కొట్టారు. ఏళ్లు గడిచేసరికి అది పసుపెక్కింది. మా గురువుగారు దూదిపుల్లతో అసిటోన్ అద్ది తుడుస్తుంటే, కింద ఏ దెబ్బా తగలని గ్లేజు బయటపడింది. దాని మీద, రంగు పట్టడానికి గరుకుకాగితంతో రుద్దిన గీతలు! వందల ఏళ్లు చెక్కుచెదరని గ్లేజు అది. ఆ గీతలు పోయేవి కావు; వాటి మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు.

చిన్నప్పుడు ఒక్క తప్పు దొర్లితే పేజీ మొత్తం చింపి మళ్లీ రాసేదానివి. అప్పుడు ముచ్చటపడ్డాను, తల్లీ. ఇప్పుడు ఆ పట్టుదలే నన్ను భయపెడుతోంది. టోక్యో నేషనల్ మ్యూజియంలో ‘బకోహాన్’ అనే లాంగ్‌చువాన్ గిన్నె ఉంది. అది బీటలు వారితే, 15వ శతాబ్దంలో జపాన్ సైనిక పాలకుడు (షోగన్) అషికాగా యోషిమాస అలాంటిదే మరొకటి కావాలని దాన్ని చైనాకు పంపాడనీ, అంతటిది అక్కడ దొరకక ఇనుప కుట్లు వేసి తిప్పి పంపారనీ చెబుతారు. ఆ కుట్లను ఎవరూ దాచలేదు. జనం వాటినీ చూడడానికే వెళతారు.

ఊడినంత మేరకే పూడ్చు, రంగును ఆ అంచు దాటనివ్వకు. దగ్గరకు వచ్చి చూసేవారికి అతుకు కనబడితే కనబడనీ. పారలాయిడ్ బి-72 వంటి, తరువాతివారు తిరిగి ఊడదీయగల జిగురే వాడు. ముందుగా అతినీలలోహిత దీపం కింద మెడను ఫోటోలు తీసి, కుంచె పట్టకముందే నాకు పంపు. పాత రంగు ఏదైనా ఉంటే అందులో తెలుస్తుంది. ఎంత రాత్రయినా సరే, సందేహం వస్తే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న