బకెట్లో బ్రాస్, చేతిలో హెచ్‌1బి

ప్రశ్న: ఫ్రిస్కోలో ఉంటాను. ఏడేళ్లుగా హెచ్‌1బి మీదే ఉన్నాను. నాతో పనిచేసే తెలుగు ఫ్రెండ్‌కి గ్రీన్ కార్డ్ ఉంది. షూటింగ్ రేంజ్‌కి వెళ్తాడు, కాల్చిన తూటాలు ఇంట్లోనే మళ్లీ నింపుకుంటాడు. ఈమధ్య ఇల్లు మారుతూ తూటాలు నింపే పాత ప్రెస్, బకెట్ నిండా ఖాళీ బ్రాస్ (కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలు), రెండు పెట్టెల ప్రైమర్లు (పౌడర్‌ని అంటించే చిన్న మూతలు), సగం డబ్బా పౌడర్ నాకిచ్చి వెళ్లాడు. నాకు తుపాకీ లేదు, తూటా ఒక్కటీ లేదు. విడి భాగాలే కదా, గరాజ్‌లో పడి ఉంటే ఏమవుతుంది? ఇంకొకటి. ఖమ్మం దగ్గర మా ఊళ్లో నాన్నకి లైసెన్స్ ఉన్న 12 బోరు తుపాకీ ఉంది. వేసవిలో వెళ్లేటప్పుడు ఆ ప్రెస్ ఆయనకి పట్టుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ముందు మీ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి బకెట్, ప్రైమర్లు, పౌడర్ ఇవాళే వచ్చి తీసుకెళ్లమనండి. ప్రెస్ ఉంటే ఉండనివ్వండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

నేను లాయర్ని కాను. పదిహేనేళ్లుగా గరాజ్‌లో ఒక మూల .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాలు నింపుకుంటున్న మనిషిని. అందులో మొదటి ఆరేళ్లు మీలాగే వీసా మీద ఉన్నాను. అందుకే ఈ చట్టం బట్టీ పట్టాల్సి వచ్చింది.

‘విడి భాగాలే కదా’ అన్నారు చూడండి, తిరకాసంతా అక్కడే ఉంది. స్కూటర్ క్లచ్ ప్లేటుని మనం స్కూటర్ అనం. 1968 నాటి అమెరికా గన్ కంట్రోల్ చట్టం మాత్రం తూటాల దగ్గర అలాగే అంటుంది. దాని నిర్వచనంలో అమ్యూనిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఇత్తడి కేసు, ప్రైమర్, బుల్లెట్ (ముందుండే మొన), పౌడర్ దేనికదే అమ్యూనిషన్. మీరు బకెట్లో చెయ్యి పెట్టి తీసే ప్రతి మసిపట్టిన గొట్టమూ, చట్టం లెక్కలో ఒక తూటాతో సమానం. ప్రెస్, డైలు (అచ్చులు), తక్కెడ ఈ నిర్వచనంలోకి రావు.

అదే ఫెడరల్ చట్టం నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ అమ్యూనిషన్‌గానీ దగ్గర పెట్టుకోకూడదంటుంది. హెచ్‌1, హెచ్‌4, ఎఫ్‌1, ఎల్‌1 అన్నీ ఇందులోకే వస్తాయి. ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది కదా అంటే కుదరదు, గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నంతకాలం మీరు హెచ్‌1బినే. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. జైలు సంగతి అలా ఉంచండి, ఈ నేరం రుజువైతే ఇమిగ్రేషన్ లెక్కల్లో అది ‘అగ్రవేటెడ్ ఫెలనీ’, అంటే ఇంటికి పంపించేస్తారు. మీరు వీసా మీద ఉన్నారని తెలిసీ ఇచ్చినందుకు మీ ఫ్రెండూ ఇరుక్కుంటాడు. పాపం, ఆయన మంచి మనసుతోనే ఇచ్చి ఉంటాడు.

రేంజ్‌లో కాసేపు పట్టుకుంటే ఏం కాదులే అనుకోకండి. ఫ్లోరిడాలో స్టూడెంట్ వీసా పోయిన ఒకాయన రేంజ్‌కెళ్లి కాల్చి కేసులో పడ్డాడు. 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రెహైఫ్ కేసు అదే. తన స్టేటస్ సంగతి ఆయనకి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు అంది. మీ విషయంలో ఆ ఆశ కూడా లేదు, ఏడేళ్లుగా హెచ్‌1బి అని మీరే రాశారు!

దారి లేకపోలేదు. గడువులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. నేను ఆరేళ్లూ నడిచింది ఆ దారినే. టెక్సస్‌లో ఆరు నెలలకు పైగా ఉన్నవాళ్లకి అది 25 డాలర్లు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకి వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు కూడా చేయాలి. అసలు టెన్షన్ గడువుతోనే. ఆ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. ఒక ఏడాది ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఉండగా గుర్తొచ్చింది. పరుగున షాపుకెళ్తే మర్నాటి నుంచి పావురాల వేట కాబట్టి బారెడు క్యూ. ముప్పావు గంట నిలబడ్డాను. అర్ధరాత్రి దాటి ఉంటే మా గరాజ్‌లో బ్రాస్ డబ్బాయే నేరం అయ్యేది. తీసుకునే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక మాట అనండి. రాష్ట్రం మారితే మళ్లీ మొదటికొస్తుంది. ఇల్లినాయ్‌లో తూటా పెట్టుకోవాలంటేనే ఫాయిడ్ కార్డ్ (రాష్ట్రం ఇచ్చే తుపాకీదారు గుర్తింపు కార్డు) కావాలి.

రేపు గ్రీన్ కార్డ్ వచ్చాక సొంతానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. ‘ఖర్చు మాత్రం ఇవ్వండి’ అంటూ నలుగురికి నింపి అమ్మడం మొదలుపెట్టారా, టైప్ 06 అనే తూటాల తయారీ ఫెడరల్ లైసెన్స్, దానిపైన 11 శాతం ఎక్సైజ్ పన్ను గొడవ. లైసెన్స్ మూడేళ్లకి 30 డాలర్లే, పన్ను లెక్కలే తల తినేస్తాయి.

ఇక నాన్నగారి సంగతి. తీసుకెళ్లకండి. ఇక్కడ ఉంటే ఉండనివ్వమన్న ప్రెస్సే అక్కడ చిక్కు తెస్తుంది. మన 1959 ఆయుధాల చట్టంలో తూటాల భాగాలే కాదు, తూటాలు తయారుచేసే యంత్రం కూడా ‘అమ్యూనిషన్’ కిందే లెక్క. ఆయనకున్నది తుపాకీ ఉంచుకునే లైసెన్స్, తూటాలు తయారుచేసేది కాదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తయారుచేస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. అయినా మామూలు తూటాల ప్రెస్ మీద 12 బోరువి నింపలేరు, దాని మిషను వేరు. ఆయనకి కావలసినవి లైసెన్స్ మీద డీలరు దగ్గరే కొనుక్కోమనండి.

రేంజ్‌కి వేసుకెళ్లిన బట్టలు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. మొన్నటి హైదరాబాద్ ప్రయాణానికి ముందు డ్రయర్‌లో టంగుటంగుమని ఒకటే చప్పుడు. మా ఆవిడ తెరిచి చూస్తే నా జీన్స్ మడతలోంచి .38 ఖాళీ ఇత్తడి గొట్టం ఒకటి జారింది. సామానులో తెలియక ఉండిపోయిందని నమ్మి మన దేశంలో కోర్టులు కొట్టేసిన కేసులున్నాయి. తెలిసి దగ్గర పెట్టుకున్నాడా లేదా అనేది చూడాలని మన సుప్రీంకోర్టు 1972లోనే గుణవంత్‌లాల్ కేసులో చెప్పింది. కానీ ఆ మాట జడ్జిగారి దాకా వెళ్లేసరికి మీ సెలవులు అయిపోతాయి.