ఎలుక మెదడు సంకేతాలపై పరిశోధన చేయాలంటే?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. ఎలుకలకు శబ్దం వినిపించి, పుర్రె తెరవకుండానే మెదడు స్పందనను రికార్డు చేసే పరిశోధన నచ్చింది. కోతలంటే నాకు భయం. ఇందులోకి ఎలా రావాలి?
- ఓ విద్యార్థిని, గుంటూరు

జవాబు: పసిపిల్లల వినికిడి తెలుసుకోవడానికి ఈఎన్‌టీ డాక్టర్లు రాసే బెరా టెస్ట్ కూడా ఇలాంటిదే. ఎలుకకైతే మత్తు ఇచ్చి, ఒళ్లు చల్లబడకుండా హీటింగ్ ప్యాడ్ మీద పడుకోబెడతారు. నడినెత్తిన, చెవి వెనక చర్మం కిందికి సన్నటి సూది ఎలక్ట్రోడ్లు గుచ్చి, టక్ టక్ మని శబ్దాలు వినిపిస్తారు. శబ్దం వినిపించిన 10 మిల్లీసెకన్లలోపే చెవి నరం, మెదడు కాండం స్పందిస్తాయి. కానీ ఆ స్పందన మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది. గుండె, కండరాల సంకేతాలు, గదిలోని 50 హెర్ట్జ్ కరెంటు రొద కలిసి దాన్ని కనబడనివ్వవు. అందుకే వందలసార్లు వినిపించి సగటు తీస్తారు. 400 సార్లు చేస్తే యాదృచ్ఛికంగా వచ్చే రొద 20వ వంతుకు పడిపోతుంది.

అంటే సూదులు గుచ్చేది కాసేపే, మిగతాదంతా కంప్యూటర్ ముందు పని. బయాలజీ వాళ్లు తడబడేది ఇక్కడే. పైథాన్, స్టాటిస్టిక్స్, ఫిల్టర్లు, ఆంప్లిఫయర్ల బేసిక్స్ ఇప్పుడే మొదలుపెట్టండి. మీ సిలబస్‌లో లేవని వదిలేయొద్దు.

కోతల సంగతి నిర్మొహమాటంగానే చెబుతాను. సూదులతో అయిపోయే ప్రయోగంలో కూడా, చివర్లో కణజాలం కోసం ఎలుకను చంపాల్సి రావచ్చు. సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ఏ ప్రయోగమూ మొదలవదు, నిజమే. కమిటీ ఒప్పుకున్నా మీ మనసు ఒప్పుకోవాలి కదా! అది పీహెచ్‌డీలో చేరాక తేలితే చాలా టెన్షన్. సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసి, ఎలుకలతో పనిచేసే ల్యాబ్‌లో రెండు నెలలు ఉండి చూడండి.

పడుతుందనిపిస్తే ఎమ్మెస్సీ న్యూరోసైన్స్ లేదా లైఫ్ సైన్సెస్ చేసి, మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ (జాతీయ మెదడు పరిశోధన కేంద్రం), బెంగళూరులోని ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన కేంద్రం)లలో పీహెచ్‌డీకి ప్రయత్నించండి. నెట్, గేట్, జెగీబిల్స్ (బయాలజీ పరిశోధన కోర్సుల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) పరీక్షలపై కన్నేయండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం.

పడదనిపిస్తే ఆడియాలజీ (వినికిడి పరీక్షలు, చికిత్స) వైపు వెళ్లమని కొందరు చెబుతారు. దానికి చదవాల్సిన డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ ఇంటర్ తర్వాత చేసే నాలుగేళ్ల కోర్సు. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి ఎందుకు? ఇవే సంకేతాలను మనుషుల్లో ఈఈజీతో, అంటే తలపై ఎలక్ట్రోడ్లు అంటించి చదవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ముందు దాని వెబ్‌సైట్ చూడండి.