‘దయ జూడ రావే’ అంటే అమర్యాదా?

సందేహం: చర్చిలో ‘త్రాహిమాం క్రీస్తు నాథా, దయ జూడ రావే’ అని పాడుతుంటే మా అబ్బాయి నవ్వాడు. ‘రావే’ అని ఆడపిల్లల్ని కదా పిలుస్తాం, ప్రభువును అలా పిలవొచ్చా అన్నాడు. ‘రండి’ అని మార్చి పాడుకోవచ్చా? అసలు ప్రార్థనలో ‘నీవు’ అనడం వినయమేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ అబ్బాయిని కోప్పడకండి. నేటి వాడుకలో ‘రావే’ ఆడవాళ్ళకే మిగిలింది. పాత తెలుగులో ఆ కట్టుబాటు లేదు. నేనైతే దాన్ని రావు + ఏ అని విడదీస్తాను. ‘నువ్వు రావూ?’ అని బతిమాలడమన్నమాట. ‘కావవే’, ‘వినవే’ కూడా ఇలాంటివే. అది ఆజ్ఞ కాదు. రాకపోతే గతేమిటన్న భయం ఆ మాటలోనే ఉంది.

ఇక్కడ పోతన దగ్గరికి వెళ్ళకుండా ఉండలేను. క్రీస్తు పాట గురించి అడిగితే ఏనుగు కథ ఏమిటంటారా? ‘రావే’ బలం తెలియాలంటే గజేంద్రుడి నోట వినాలి. ‘లావొక్కింతయు లేదు’ పద్యం చూడండి. సగం పద్యం దాకా దేవుడి పొగడ్త ఒక్కటీ లేదు. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్ళు డస్సిపోయింది. ఉన్న స్థితి ఉన్నట్టు చెప్పుకున్నాడు, అంతే. తర్వాత ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ, మన్నింపందగున్ దీనునిన్’ అన్నాడు. ఆ తర్వాతే ‘రావే యీశ్వర, కావవే వరద’. అంతకుముందే ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని అనుమానపడ్డది కూడా ఈ నోరే! ఆ అనుమానాన్ని పోతన దాచలేదు. మార్కు సువార్తలో బిడ్డ కోసం వచ్చిన తండ్రి ‘నమ్ముచున్నాను’ అంటూనే తన అపనమ్మకానికి సాయం అడిగాడు కదా, అదీ ఈ కోవలోదే. ‘రావే’ బదులు ‘విచ్చేయండి’ పెట్టి గజేంద్రుడి పద్యం ఒకసారి చదవండి. మొసలి కూడా నవ్వుతుంది.

మీ కీర్తన రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతం వాడు, రాగతాళాలు తెలిసినవాడు. ఆయన ‘రావే’ అన్నది ఈ సంప్రదాయం ఎరిగే అనుకుంటాను.

ఇక ‘నీవు’ సంగతి. క్రీస్తు నేర్పిన ప్రార్థన తెలుగులో ‘నీ నామము పరిశుద్ధపరచబడు గాక’ అనే ఉంది. అలాగని ‘నీవు’లోనే వినయం ఉందనీ చెప్పలేను. లూకా సువార్త 18లో క్రీస్తు చెప్పిన కథ ఉంది, గుడికి ప్రార్థనకు వెళ్ళిన ఇద్దరిది. అందులో పరిసయ్యుడూ (మతనియమాలు నిష్ఠగా పాటించే యూదుడు) ‘నీకు కృతజ్ఞతాస్తుతులు’ అనే మొదలుపెట్టాడు. మిగతాదంతా తన ఉపవాసాల లెక్కా, పక్కవాడి మీద ఫిర్యాదూ. రెండోవాడు సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. అతను ‘దేవా, పాపినైన నన్ను కరుణించుము’ అని ఊరుకున్నాడు. ‘సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు’ అని మనకో సామెత, చెప్పుకున్నా వినేవాడు కాదని. అలాంటివాడే తన దుఃఖం చెప్పుకోవడానికి గుడికి వచ్చాడు!

నన్ను విసిగించేది ‘నీవు’, ‘మీరు’ కాదు. మైకు అందగానే ‘మేము ఎంతో హంబుల్‌గా, వినయపూర్వకంగా, తగ్గించుకొని ప్రార్థిస్తున్నాము ప్రభువా’ అనడం. తగ్గించుకున్నవాడికి ఆ ముక్క మూడుసార్లు చెప్పే ఓపిక ఎక్కడిది? పైగా ఒకే ప్రార్థనలో ‘నీవు దీవించండి’ అంటారు. ఏదో ఒకటి అనండి బాబూ!

నాన్నను ‘మీరు’ అనే ఇంట్లో పెరిగిన పిల్లలు సొంత మాటల్లో ప్రార్థించేటప్పుడు దేవుణ్ణీ ‘మీరు’ అంటే నాకు అభ్యంతరం లేదు. కీర్తనలో మాత్రం ‘రండి’ పెట్టకండి, ఒక మాత్ర తగ్గి తాళం కుంటుతుంది. మీ అబ్బాయికి మరీ నవ్వొస్తుంటే ‘రావా’ అని పాడుకోనివ్వండి. అర్థం దాదాపు అదే. పుస్తకంలో దిద్దకుండా ఉంటే చాలు.