గద్ద తన్నుకుపోతుందా, కరచుకుపోతుందా?

సందేహం: మా అమ్మాయి వ్యాసంలో ‘గద్ద కోడిపిల్లను తన్నుకుపోయింది’ అని రాస్తే, బడిలో దాన్ని కొట్టివేసి ‘ముక్కున కరచుకుపోయింది’ అని దిద్దారు. తన్నడమంటే కాలితో కొట్టడం కదా, మోసుకుపోవడం ఎలా అవుతుంది? గద్ద, డేగ, రాబందు ఒకే పక్షి పేర్లా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ అమ్మాయి రాసిందే సరైన వాక్యం. దిద్దిన వాక్యం వ్యాకరణానికి సరిపోయినా గద్దకు సరిపోదు.

గద్ద వేటాడేది కాళ్లతో. మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి, అన్నింటికీ కొక్కెంలా వంగిన గోళ్లు. వేళ్లను ముడిచే స్నాయువుల మీద, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల మీద, గరుకైన గట్లు ఉంటాయి. పట్టు బిగియగానే అవి చుట్టూ ఉన్న తొడుగు మడతల్లో చిక్కుకుంటాయి. అందుకే కండరాలు అదేపనిగా శ్రమపడకుండానే పట్టు నిలుస్తుంది. వంకర ముక్కు పని ఆ తరువాత, మాంసం చీల్చేటప్పుడు. నల్ల గద్ద చాలాసార్లు నేల మీద వాలదు కూడా. కాళ్లు ముందుకు చాచి దూసుకువస్తుంది. దెబ్బ, పట్టు, లేవడం ఒకే ఊపులో జరిగిపోతాయి. పరకాల, నర్సంపేట వైపు పల్లెల్లో కోళ్లు పెంచినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆకాశంలో గద్ద కనబడగానే తల్లికోడి అరుపు మారుతుంది, పిల్లలు దాని రెక్కల కిందికి దూరతాయి, ఇంట్లోవాళ్లు గంప తెచ్చి బోర్లిస్తారు. ఆ వేటను ఎన్నోసార్లు కళ్లారా చూసినవాళ్లు పుట్టించిన మాట ‘తన్నుకుపోవు’. కాకి విషయంలో మనం ఆ మాట వాడం. కాకి ఎత్తుకుపోతుంది, ఎందుకంటే అది ముక్కుతో పట్టుకుపోతుంది.

ఇక వ్యాకరణం. ‘తన్ను’కు ‘కొను’ చేరితే ఒకే అర్థం రాదు. ‘వాళ్లిద్దరూ తన్నుకున్నారు’ అంటే ఒకరినొకరు అని. ‘గిలగిలా తన్నుకుంది’ అంటే బాధతో కొట్టుకుంది అని. ‘తన్నుకొని పోయింది’లో మాత్రం ‘కొను’ తనకోసం అనే అర్థాన్నిస్తుంది, వండుకున్నాడు, తెచ్చుకున్నాడు అన్నప్పటి మాదిరిగా. కాలితో కొట్టి, తనదిగా చేసుకొని, పోయింది. మూడు పనులు ఒక్క మాటలో ఇమిడాయి. దాని బదులు ‘కరచుకుపోయింది’ పెడితే ఇంత సొగసైన క్రియను పిల్లల చేతిలోంచి లాగేసుకున్నట్టే.

పత్రికల్లో ‘మొదటి బహుమతి తన్నుకుపోయాడు’ అని కనిపించినప్పుడు మాత్రం నాకు నచ్చదు. ఈ మాటలో ఇంకొకరికి దక్కవలసింది వారు చూస్తుండగానే లాక్కుపోవడం అనే ధ్వని ఉంది. ఊరి భూమినో, ఒకరికి దక్కవలసిన ఉద్యోగాన్నో మరొకరు తన్నుకుపోతే అది సరైన ప్రయోగం. కష్టపడి పరుగెత్తి గెలిచిన పిల్లవాడు బహుమతి గెలుచుకున్నాడనాలి.

రాబందుకు వస్తే క్రియ మారిపోతుంది, చూడండి. ‘రాబందుల్లా పీక్కుతింటున్నారు’ అంటాం, ‘రాబందుల్లా తన్నుకుపోయారు’ అనం. రాబందు కాళ్లు నడవడానికి, కళేబరం మీద నిలబడడానికి తగినవి. వాటితో బరువైన వేటను పట్టి ఎగరలేదు. చచ్చిన పశువును ముక్కుతో చీల్చి తిని, పిల్లల కోసం మాంసాన్ని తన గొంతు సంచిలోనే మోసుకుపోతుంది. కాలి పని చేసే పక్షికి కాలి క్రియ, ముక్కు పని చేసే పక్షికి ముక్కు క్రియ. మన భాష ఈ తేడాను ఎక్కడా తప్పలేదు. ఉత్తర తెలంగాణలోనూ ఈ పక్షి కనిపించింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లను 2013లో గుర్తించారు. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాటి కళేబరాల ద్వారా రాబందుల్లోకి చేరి మూత్రపిండాలను పాడుచేసేది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు, అయితే అప్పటికే దేశంలో చాలావరకు రాబందులు నశించాయి. పక్షి కనుమరుగైతే ‘పీక్కుతినడం’ అనే మాటకున్న పదును మన పిల్లలకు ఎలా తెలుస్తుందన్నది నా బెంగ.

సంస్కృతంలో గృధ్రమంటే రాబందే. జటాయువును వాల్మీకి గృధ్రరాజు అన్నాడు. ఆ మాటే తెలుగులో గ్రద్ద, గద్ద అయి వేరే పక్షికి స్థిరపడింది. వరంగల్‌లో ఉర్దూ వినే చెవులకు ఇది సులువుగా తెలుస్తుంది. ఉర్దూలో ‘గిద్’ అంటే రాబందు, మన నల్ల గద్ద ‘చీల్’. గద్ద, గ్రద్ద రెండూ ఒప్పే.

డేగ వేరు. మచ్చిక చేసి వేటకు వదిలే చురుకైన పక్షులకు ఆ పేరు ఎక్కువగా వాడుకలో ఉంది. ‘డేగ కన్ను’ అనే మాట పత్రికల్లో నిలిచిపోయింది. ఇంగ్లిషు ఈగిల్‌కు తెలుగులో ప్రత్యేకంగా ఒక్క మాట లేదు. కాబట్టి పాములను తినేదాన్ని పాముల గద్ద అన్నట్టు, గద్దకు ముందు ఒక విశేషణం చేర్చి రాస్తే సరిపోతుంది. తెల్లని తల, ఇటుకరంగు రెక్కలతో చెరువుల మీద తిరిగేదాన్ని గరుడపక్షి అనండి.