అద్దె ఇంటి వంటగదికి మూడున్నర లక్షలు పెట్టమంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. రాజమండ్రిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మావారు పోయి నాలుగేళ్లయింది. ఆయన 1998లో కొన్న రెండు పడగ్గదుల ఫ్లాట్ హైదరాబాద్ విద్యానగర్‌లో ఉంది. ఆరేళ్లుగా ఒకే కుటుంబం నెలకు 14 వేలకు అద్దెకు ఉంటోంది. వంటగదిలో సింకు కింద నీళ్లు కారుతున్నాయని, గోడకు చెమ్మ పట్టిందని, గట్టు కింద అరల్లో బొద్దింకలు వదలడం లేదని ఆ ఇల్లాలు చాలాసార్లు ఫోన్ చేసింది. మేస్త్రీకి చూపిస్తే రిపేరుకు 40 వేలు అవుతుందన్నాడు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయేమో వాళ్లను ఖాళీ చేయించి, మూడున్నర లక్షలతో మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే 17 వేల అద్దె వస్తుందంటాడు. ఆ డబ్బు నా ఫిక్స్‌డ్ డిపాజిట్ లోంచే తీయాలి. అమ్మాయి ‘పైసా పెట్టొద్దు, అమ్మేద్దాం’ అంటోంది. దీని మీద ఇద్దరూ మాటా మాటా అనుకుని ఇప్పుడు మాట్లాడుకోవడమే మానేశారు. ఫ్లాట్ ఇంకా మావారి పేరు మీదే ఉంది. వీలునామా రాయలేదు. ఆ వంటగట్టు రాయి ఆయన దగ్గరుండి వేయించింది. దాన్ని పగలగొట్టమనడానికి నాకు నోరు రావడం లేదు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ సింకు సంగతి చూడండి. దానికి పిల్లలిద్దరూ ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. ఆరేళ్లుగా మీకు అద్దె ఇస్తున్న ఇల్లాలు రోజూ ఆ చెమ్మలోనే నిలబడి వంట చేసుకుంటోంది. ఆవిడ అడుగుతున్నది కొత్త హంగులు కాదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా కుళాయిలు, వంటగది అమరికల చిన్నాచితకా రిపేర్లు అద్దెకున్నవారి వంతు, పైపులు మార్చడం ఇంటివారి వంతు అని ఉంది. పైగా మీ వంటగదిలో కారే నీరు రేపు కింది ఫ్లాట్ వాళ్ల స్లాబులోకి దిగితే వాళ్లతోనూ గొడవే.

మేస్త్రీని ఒక మాట గట్టిగా అడగండి: లీకు సింకు కింది పైపుదా, గోడ లోపలి పైపుదా? ఆ కాలపు ఇళ్లలో గోడల్లో ఇనప పైపులు వేసినవి చాలా ఉన్నాయి. తుప్పు పట్టి ఉంటే పైపు మార్చి, గోడ బాగా ఆరనిచ్చి, అప్పుడే టైల్స్ వేయించండి. మీ అబ్బాయి చెప్పిన చెక్క పెట్టెలను ఈ చెమ్మ గోడకు బిగిస్తే చౌకరకం బోర్డయితే రెండు వానాకాలాలకే ఉబ్బిపోతుంది. గట్టు కింద రాతి అరలే ఉంచి, అల్యూమినియం ఫ్రేము తలుపులు పెట్టిస్తే అద్దె ఇంటికి అంతకంటే గట్టి పని లేదు. మిక్సీకి, గ్రైండర్‌కి ప్లగ్గులు చాలకపోతే అదే చేత్తో ఒక 15 ఆంప్స్ పాయింటు వేయించండి.

మీవారు వేయించిన రాయి పగలకపోతే దాని జోలికి వెళ్లక్కర్లేదు. జరగాల్సిన పనంతా దాని కిందా వెనకా ఉంది. అద్దెకున్నవాళ్ల ఎదుట ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటం వద్దు. ‘రాయి కదపకుండా చేయండి’ అని మేస్త్రీకి చెబితే చాలు.

ఇక మూడున్నర లక్షల లెక్క. నెలకు 3 వేలు ఎక్కువ వస్తే ఏడాదికి 36 వేలు. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు పదేళ్లు. అదే డబ్బు బ్యాంకులో 7 శాతం వడ్డీకి ఉంటే ఏడాదికి 24,500 వస్తుంది, అసలు అసలుగానే ఉంటుంది. తేడా ఏడాదికి 11,500. పదేళ్లకు లక్షా పదిహేను వేలు. అప్పటికి ఆ చెక్క పని పాతబడిపోతుంది, మీ మూడున్నర లక్షలు మాత్రం ఉండవు. ఇల్లు ఖాళీగా ఉన్న ప్రతి నెలా పోయే 14 వేలు ఇందులో కలపనే లేదు. చాలా అగ్రిమెంట్లలో రాసుకున్నట్టు ఏటా 5 శాతం పెంచుకుంటూ వెళ్లినా నాలుగేళ్లకు ఆ 17 వేలు ఎలాగూ వస్తాయి. పన్నులో కలిసొస్తుందనీ అనుకోకండి. అద్దె ఆదాయంలో 30 శాతం మినహాయింపు మీరు రిపేరు చేయించినా చేయించకపోయినా ఒకటే.

మీ అబ్బాయి మీ మంచి కోరే చెప్పి ఉంటాడు. కానీ ఒంటరిగా ఉన్న మనిషికి చేతిలో ఉన్న డిపాజిట్టే ధైర్యం. అందులోంచి 40 వేలు తీయండి. అంతకు మించి తీయమని నేను చెప్పను.

మీరు ఉత్తరం చివర్లో తేలిగ్గా రాసిన విషయమే నాకు పెద్దదిగా కనిపిస్తోంది. వీలునామా లేకుండా మీవారు పోయారు కాబట్టి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఫ్లాట్‌లో మీకూ, అబ్బాయికీ, అమ్మాయికీ సమాన వాటాలున్నాయి. ఆయన పోయేనాటికి మీ అత్తగారు ఉండి ఉంటే ఆవిడకూ ఒక వాటా. అంటే మీ ఒక్కరి డబ్బుతో ముగ్గురి ఇల్లు బాగుచేయమంటున్నాడు అబ్బాయి. అబ్బాయి మాటే నెగ్గుతుందేమోనని అమ్మాయికి లోపల భయం ఉండొచ్చు. వాళ్లు పోట్లాడుకుంటున్నది వంటగది గురించి అని నాకు అనిపించడం లేదు. నాన్న ఇల్లు ఎవరిది, ఎవరి మాట చెల్లుతుంది అన్నది నాలుగేళ్లుగా ఎవరూ పైకి అనలేదు, అంతే.

అది మీరే పైకి అనండి. ఇద్దరినీ విడివిడిగా సముదాయించొద్దు, ఒకరి మాట ఇంకొకరికి మోయొద్దు. పండక్కో సెలవులకో ఇంటికి పిలిచి, ముగ్గురూ కూర్చున్నాక ఇలా చెప్పండి: ‘రిపేరు నేను చేయించేశాను. అద్దె డబ్బు మీద నేను బతుకుతున్నాను. నేనున్నంత కాలం అది నాకే రావాలి. ఫ్లాట్ ఉంచాలా అమ్మాలా అన్నది ముగ్గురం కలిసి తేలుద్దాం.’ పిల్లలు ఒప్పుకుంటే తమ వాటాలు మీ పేరున వదులుకుంటూ హక్కు విడుదల పత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించవచ్చు. ఒప్పుకోకపోతే ఎవరి వాటా వారిదని పంపకం రాసుకోండి. ఏదైనా వకీలుకు చూపించి చేయండి, నోటిమాటగా వదలకండి. అమ్మాలనుకుంటే ఈ రిపేరుకు మించి వంటగదికి పైసా పెట్టకండి, కొనేవాళ్లు తమకు నచ్చినట్టు మార్చుకుంటారు. ఉంచాలనుకుని, ఇప్పుడున్నవాళ్లు వాళ్లంతట వాళ్లు వెళ్లిపోయిన రోజున మాడ్యులర్ సంగతి మళ్లీ ఆలోచించవచ్చు. అప్పుడూ ఖర్చు ముగ్గురి వాటాల్లోంచి రావాలి.

రిపేరు అయ్యాక కూడా నిద్ర పట్టకపోతే డాక్టర్‌కు చూపించుకోండి, దాచుకోవద్దు. ఈలోగా విద్యానగర్‌కు ఫోన్ చేసి పని ఏ తేదీన మొదలవుతుందో ఆ ఇల్లాలికి చెప్పండి. గట్టు దగ్గర పని నడిచే రోజుల్లో స్టవ్ బాల్కనీలో పెట్టుకుంటారో, ఇంకెలా వీలవుతుందో ఆవిడనే అడిగి దాన్ని బట్టి మేస్త్రీకి రోజులు చెప్పండి. బిల్లులన్నీ ఒక కవర్లో దాచండి, పిల్లలతో కూర్చున్నప్పుడు ముందుపెట్టాల్సి వస్తుంది.