వారంలో రిఫండ్ తెప్పిస్తానంటున్నాడు, ఇవ్వమంటారా?

పోయిన సంచికలో ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి రెండు ముక్కలు రాశానో లేదో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. గోదారి ఎర్రబడింది, ఊడ్పులు ఒక కొలిక్కి వస్తున్నాయి, మధ్యలో ఈ రిటర్నుల గోల. 2024-25 ఆదాయానికి గడువు 2025 సెప్టెంబర్ దాకా పెంచారు, ఈ ఉత్తరాలు అప్పటివి. నింపాదిగా చెప్పుకుందాం.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, వయసు 66. పెన్షన్ ఏడాదికి 4,80,000. ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద 92,000 వడ్డీ వస్తే బ్యాంకువాళ్లు పన్ను కింద 9,200 కోసేశారు. మా వీధి చివర నెట్ సెంటర్ అబ్బాయి, 1,500 ఇస్తే వారంలో రిఫండ్ తెప్పిస్తాను, మామూలుగా వేస్తే ఆరు నెలలు పడుతుందండి అంటున్నాడు. ఆధార్, పాన్, పాస్‌బుక్ జిరాక్సులు అడిగాడు. ఇవ్వమంటారా? మాకు అర ఎకరం కొబ్బరి తోట ఉంది, కౌలు 40,000 వస్తుంది. అది చూపించక్కర్లేదంటున్నాడు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఇవ్వకండి టీచర్ గారూ.

ముందు ఆ వారం సంగతి చూద్దాం. మీరు వేసినా, ఆ అబ్బాయి వేసినా, హైదరాబాద్‌లో పేరున్న ఆడిటర్ వేసినా రిటర్న్ వెళ్లేది బెంగళూరులోని ఒకే ప్రాసెసింగ్ సెంటర్‌కి. అక్కడ లెక్క చూసేది కంప్యూటర్, దానికి ఇతనేమీ బావమరిది కాడు. రైలు టికెట్టుకైతే తత్కాల్ ఉంది గానీ రిఫండ్‌కి లేదు. ఈ-వెరిఫై (వేసింది మీరేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) అయ్యాక మామూలుగా నాలుగైదు వారాల్లో డబ్బు పడుతుందని శాఖే చెబుతుంది, మీలాంటి చిన్న లెక్కలు చాలాసార్లు అంతకంటే ముందే తేలిపోతాయి. వారంలో పడిందా, నావల్లే అంటాడు. పడలేదా, సర్వర్ డౌనండీ అంటాడు. ఎటు తిరిగీ 1,500 అతని జేబులోనే.

ఇప్పుడు మీ లెక్క. కొత్త పన్ను విధానంలో పెన్షన్‌కి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, అది తీసేస్తే 4,05,000, దానికి వడ్డీ 92,000 కలిపితే 4,97,000. 2024-25 సంవత్సరానికి 7 లక్షల లోపు ఆదాయానికి రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా, కోసిన 9,200 మొత్తం మీకు వెనక్కి రావాలి. (ఇది మీ సొంత సర్వీసు పెన్షన్ అనుకుని చెబుతున్నాను. భర్త పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షనైతే ఆ 75,000 ఉండదు, దానికి 25,000 దాకానే తగ్గింపు. అలా చూసినా మీకు సున్నానే.) ఇందులో ఎక్కడా తెలివితేటలు చూపించే పనే లేదు, అంతా కూడికా తీసివేతా. ముప్ఫై ఏళ్లు పిల్లలకి లెక్కలు దిద్దిన చేతులు మీవి.

కొబ్బరి తోట విషయంలో మాత్రం ఆ అబ్బాయి మాట వినకండి. సాగు భూమి కౌలు వ్యవసాయ ఆదాయమే, దానికి నేరుగా పన్ను లేదు. కానీ అది 5,000 దాటితే ఐటీఆర్-1 అనే చిన్న ఫారం మీకు పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. మన కోనసీమలో ఎక్కువమంది జారేది ఇక్కడే. తోట ఉంటుంది, రెండు నెలలకోసారి దింపు ఉంటుంది, డబ్బు చేతికొస్తుంది, ఫారంలో మాత్రం సున్నా వేస్తారు. ఐటీఆర్-2లో పేజీలు ఎక్కువ, చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ, మీకు సంబంధించినవి నాలుగో అయిదో, మిగతావి ముట్టుకోనక్కర్లేదు. మినహాయింపు ఆదాయం అనే చోట ఆ 40,000 వేయండి. రేటు లెక్కలో దాన్ని కలుపుతారు, కలిపినా రిబేటు పోను మీకు పన్ను సున్నానే. చూపించినందువల్ల రూపాయి నష్టం లేదు, అలాంటప్పుడు దాచడమెందుకు?

వేసే పద్ధతి చెబుతాను. ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్, చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి, ఆ పేరుకి దగ్గరగా ఉండే నకిలీ సైట్లు ఉంటాయి. మీ పాన్ నెంబరే యూజర్ ఐడీ. ఫోన్ నెంబరూ ఈమెయిలూ మీవే ఇవ్వండి, ఇది గుర్తు పెట్టుకోండి, కింద భీమవరం కుర్రాడికి ఎందుకో చెప్పాను. లాగినయ్యాక ముందు ఏఐఎస్ అనే కాగితం దింపుకోండి. మీకు ఏ బ్యాంకులో ఎంత వడ్డీ పడిందో, ఎవరెంత కోశారో అన్నీ అందులో ఉంటాయి, మీరు మర్చిపోయిన సేవింగ్స్ ఖాతా వడ్డీతో సహా. అప్పుడు రిటర్న్ తెరిస్తే చాలా అంకెలు ముందే నింపి కనబడతాయి. వాటిని పెన్షన్ కాగితంతో, ఏఐఎస్‌తో సరిచూసుకుని, బ్యాంకు ఖాతా టిక్కు పెట్టి, పంపేయడమే. దీనికి పైసా ఫీజు లేదు.

పంపాక పని అయిపోయిందనుకుని లేచిపోకండి. 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి, లేకపోతే వేసినట్టు కాదు. పోయినేడు పాలకొల్లులో మా పిన్నికి నేనే కూర్చుని వేయించాను. అరగంటలో అంతా అయిపోయింది, ఆధార్ ఓటీపీ దగ్గర ఆగింది. ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకుని రాలేదు, రాలేదు అంటోంది. తీరా చూస్తే ఆధార్‌కి ఉన్నది ఎప్పుడో మనవడు పెట్టిన నెంబరు, వాడేమో హైదరాబాద్‌లో మెట్రో రైల్లో. ఫోన్ చేసి ఓటీపీ చెప్పరా అంటే, ఎవరికీ చెప్పకూడదని నువ్వే కదా నానమ్మా పోరావు అని వాడి ఎటకారం. ఓటీపీ గడువు దాటిపోయి మళ్లీ మొదటికి. కాబట్టి ఆధార్‌కి ఏ నెంబరుందో ముందే చూసుకోండి. అదీ కుదరకపోతే నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయొచ్చు, లేదా ఐటీఆర్-వి అనే రసీదు కాగితం ప్రింటు తీసి సంతకం పెట్టి బెంగళూరుకి పోస్టులో పంపొచ్చు.

ఇంకొకటి. పన్ను పడనివాళ్లు ఏప్రిల్‌లోనే ఆ సంగతి రాసిచ్చే ఫారం (2025-26 దాకా 60 దాటినవాళ్లకి అది 15హెచ్) బ్యాంకులో ఇచ్చేస్తే అసలు కోయరు. పైగా 2025 ఏప్రిల్ నుంచి 60 దాటినవాళ్లకి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితేనే కోత. ఆ అబ్బాయి ఈ ముక్క చెప్పడు, చెబితే వచ్చే ఏడాది అతనికి మీతో పనేముంది?

ప్రశ్న: అన్నా, భీమవరంలో ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీకి పని చేస్తాను. పోయినేడాది టీమ్‌లో అందరూ ఒకతని దగ్గర వేయించుకుంటుంటే నేనూ వేయించాను. 58,000 రిఫండ్ వచ్చింది, ఇరవై శాతం అతను తీసుకున్నాడు. ఇప్పుడు తెరిచి చూస్తే రాజకీయ పార్టీకి విరాళం అని, ఇంటద్దె అని ఉంది. నేను ఏ పార్టీకీ రూపాయి ఇవ్వలేదు, ఉండేది నాన్న ఇంట్లో, అద్దె కట్టను. తప్పుడు క్లెయిములు సరిచేసుకోమని మెసేజ్ వచ్చింది. నిద్ర పట్టట్లేదు.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: తమ్ముడూ, నిద్ర పట్టకపోవడం మంచిదే, పట్టినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. 2025 జూలై 14న ఇలా దొంగ మినహాయింపులతో రిటర్నులు వేసిపెట్టేవాళ్ల మీద దేశం మొత్తం 150 చోట్ల సోదాలు జరిగాయి. దానికి ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమంతట తామే రిటర్నులు సరిచేసుకుని, 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖే ప్రకటించింది. కాబట్టి నువ్వొక్కడివే కాదు, అలాగని అందరిలో కలిసిపోయి తప్పించుకోనూలేవు.

నీకున్న దారి అప్‌డేటెడ్ రిటర్న్, అంటే పాతదాన్ని సరిచేసి మళ్లీ వేసేది, ఐటీఆర్-యు అంటారు. 2023-24 ఆదాయానికి సంబంధించిన ఆ రిటర్నుకి 2026 మార్చి 31 లోపు వేస్తే అదనం 25 శాతం, ఆలస్యమైనకొద్దీ 50, 60, 70 అలా పెరుగుతుంది. లెక్క చూసుకో. నీ చేతికొచ్చిన 58,000లో 11,600 అతను పట్టుకెళ్లాడు, నీకు మిగిలింది 46,400. ఆ రిఫండంతా దొంగ క్లెయిముల వల్లే వచ్చిందనుకుంటే, తిరిగి కట్టాల్సింది మాత్రం మొత్తం 58,000, దాని మీద వడ్డీ, ఆ రెండూ కలిపి ఇంకో పాతిక శాతం. వడ్డీ పక్కన పెట్టినా 72,500. కమిషన్ అతనికి, కట్టే బాధ నీకు. మండుతుంది, తెలుసు. కానీ వాళ్లే కేసు తెరిచేదాకా ఆగితే, తప్పుడు సమాచారం కింద ఎగ్గొట్టిన పన్నుకి 200 శాతం జరిమానా పడొచ్చు. నాన్నకి చెప్పి, కావాలంటే ఆయన దగ్గరే అప్పు తీసుకుని ఈ నెలలోనే కట్టేయ్.

ఈలోగా లాగినై ప్రొఫైల్‌లో ఎవరి ఈమెయిల్ ఉందో చూడు. ఈ బాపతు వాళ్లు పని కోసం ఒక ఈమెయిల్ సృష్టించి, సీజనైపోగానే వదిలేస్తారు. నోటీసులన్నీ ఆ పాడుబడ్డ ఇంటికే వెళ్తుంటాయి, నీకు తెలీదు. నాకూ జరిగింది, 2017లో. బద్ధకించి ఒకాయనకి కాగితాలన్నీ అప్పగించాను, ఆయన తన మెయిలే ఇచ్చుకున్నాడు. డిపాజిట్ వడ్డీ ఒకటి వదిలేసినందుకు 6,340 కట్టమని నోటీసు వచ్చిందట, నేను చూడనేలేదు. రెండేళ్ల తర్వాత రావాల్సిన రిఫండ్‌లో కోసుకున్నాక అప్పుడు తెలిసింది. అదే నేను సొంతంగా వేయడం మొదలుపెట్టిన సంవత్సరం.

ప్రశ్న: ఆరెకరాల్లో రొయ్యల చెరువులు. వ్యవసాయానికి పన్ను లేదు కదా, మరి సీడు వేసినప్పట్నుంచీ పట్టుబడి దాకా మేం పడేది వ్యవసాయం కాదా? సొంతంగా వేసుకోవచ్చా?
— ఒక రైతు, ఉండి

జవాబు: కష్టంలో వ్యవసాయమేనండి, ఆదాయపన్ను లెక్కలో కాదు. రొయ్యలూ చేపలూ వ్యాపారం కిందకే వస్తాయి, వరి చేను పక్కనే చెరువున్నా సరే. మేత, కరెంటు, ఏరియేటర్లు, పోయిన పంట నష్టం, ఇవన్నీ లెక్కలో పెట్టాలంటే మాత్రం మంచి ఆడిటర్ దగ్గరికి వెళ్లండి. నేను తిడుతున్నది ఫీజు తీసుకుని పని చేసేవాళ్లని కాదు, రిఫండ్‌లో శాతం అడిగేవాళ్లని. శాతం అడిగాడంటే రిఫండ్ పెంచాలనే అతని ఆలోచన, ఎలా పెంచుతాడో పైన చూశారు.

ప్రశ్న: రిటర్న్ నేనే వేసుకున్నాను, ప్రాసెస్ అయింది, 4,100 రిఫండ్ ఫెయిలైంది అని చూపిస్తోంది. ఎవరికైనా డబ్బులిస్తే కదులుతుందా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కదలదమ్మా, మీరే కదిలించాలి. మన దగ్గర దీనికి రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, మీది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా కావచ్చు. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసింది, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారింది, పోర్టల్లో పాత కోడే ఉండిపోతుంది. రెండోది మన పేర్ల తంటా. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరం పొడి, ఆధార్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది. ఆడవాళ్లకైతే పుట్టింటిదో అత్తింటిదో ఒక్కో కార్డులో ఒక్కోటి. మనిషి చూస్తే ఒకరేనని తెలుస్తుంది, కంప్యూటర్‌కి ముగ్గురు. బ్యాంకుకి వెళ్లి పేరు పాన్‌లో ఉన్నట్టు మార్పించుకుని, పోర్టల్లో ఖాతాని మళ్లీ వ్యాలిడేట్ చేసి, రిఫండ్ రీఇష్యూ అనే రిక్వెస్ట్ పెట్టండి. ఎక్కడైనా ఆగితే 1800 103 0025కి చేయండి, ఉచితం.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ క్యాంపస్‌లో పని చేస్తాడు. ఈ ఏప్రిల్‌లో ఎవరో చెప్పిన చోట ట్యాక్స్ వేయిస్తే రిఫండ్ అడ్వాన్స్ అని అదే రోజు డబ్బు ఇచ్చారట, ఫీజు పట్టుకున్నారట. వచ్చే ఏడూ అక్కడికే వెళ్తానంటున్నాడు.
— ఒక తల్లి, రావులపాలెం

జవాబు: అది రిఫండ్ కాదమ్మా, రిఫండ్‌ని తాకట్టు పెట్టుకుని ఇచ్చిన అప్పు. అక్కడ ఆన్‌లైన్‌లో వేసి నేరుగా బ్యాంకులో పడేలా పెట్టుకుంటే ఎక్కువ రిఫండ్‌లు 21 రోజుల లోపే వస్తాయి. అసలు చూడాల్సింది వేరే ఉంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా మొదటి అయిదేళ్లు 1040-ఎన్ఆర్ అనే ఫారం వేయాలి, చాలామంది తెలీక అక్కడివాళ్ల 1040 వేసేస్తారు. మన దేశంతో ఉన్న ఒప్పందం వల్ల భారతీయ విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ కూడా దొరుకుతుంది, 2024కి అది 14,600 డాలర్లు. ఏ ఫారం వేశారో, ఇది తీసుకున్నారో లేదో ముందు చూసుకోమనండి. కొన్ని యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకి ఫైలింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తాయి, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగమనండి. ఆ మూడు వారాలూ జరగడం కష్టమైతే మీరే ఓ రెండొందల డాలర్లు పంపండి, మీరైతే వడ్డీ అడగరు కదా.